అదునుకూ ఒక పుస్తకం తెరవండి: వ్యవసాయ వాతావరణ సలహాలు రాసే అధికారులకు బహిరంగ లేఖ

రాయగడ, గజపతి, కోరాపుట్, మల్కనగిరి జిల్లాలకు వ్యవసాయ వాతావరణ సలహాలు తయారుచేసే అధికారులకు, ఒడిశా వ్యవసాయ శాఖ జిల్లా అధికారులకు, పంచాయతీ జీవవైవిధ్య కమిటీల సభ్యులకు నమస్కారాలు.

అయ్యా, అమ్మా,

ప్రతి మంగళవారం, శుక్రవారం మీ సలహా వస్తుంది. రాబోయే అయిదు రోజుల్లో వాన ఎంత, ఎండ ఎంత, గాలి ఏ దిక్కు, తేమ ఎంత, అన్నీ అందులో ఉంటాయి. గుణుపురం పక్క గరువులో (మెరక పొలంలో) సామలు చల్లడానికి విత్తనం మూట పట్టుకుని నిలబడ్డ సవర రైతుకు కావలసినవి మాత్రం రెండే. అదును వచ్చిందా? పదును ఉందా? 'అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు' అని మన పెద్దలు అన్నది ఇందుకే. అదును అంటే కాలం కుదరడం, పదును అంటే నేలలో తడి కుదరడం. మీ సలహా ఆకాశం గురించి చెబుతుంది, ఈ రెండింటి గురించి చెప్పదు. ఈ కొండల్లోని సవర, కొంధ, పరజ, గదబ రైతులు తరాలుగా చూస్తూ వచ్చినవి ఈ రెండే. వాళ్ల గుర్తుల్లో కొన్ని ఇప్పటికీ గట్టివి, కొన్ని వదులైపోయాయి. ఏవి గట్టివో, ఏవి వదులైనవో మాతో కలిసి తేల్చండి, గట్టివాటిని మీ సలహాలో చేర్చండి. మా విన్నపం ఇదే.

ముందు మీ మాటల సంగతి. సలహాలో 'అక్కడక్కడ వానలు' అని రాస్తారు. మీ లెక్కలో దానికి కచ్చితమైన అర్థం ఉంది: ఆ ప్రాంతంలోని వానకొలత కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని. సగం దాకా అయితే ఇంకో మాట, ముప్పావు దాకా అయితే మరో మాట, అది దాటితే 'అంతటా'. ఈ మెట్లు ఎవరూ చెప్పలేదు కాబట్టి రైతు చెవికి 'అక్కడక్కడ' అంటే 'పడితే పడవచ్చు' అనే వినబడుతుంది. 'భారీ వాన' అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు చేరిందని, 'అతి భారీ' అంటే 115.6 చేరిందని కూడా ఊళ్లో ఎవరికీ తెలియదు. సలహా అడుగున రెండు వరుసల్లో ఈ అర్థాలు వేయడానికి ఖర్చేమీ కాదు.

ఆ మాటలు ఎంత విడమర్చి చెప్పినా జిల్లా మొత్తానికి ఒకే అంకె చాలదు. మల్కనగిరి మైదానానికీ కోరాపుట్ పీఠభూమికీ ఎత్తులో సుమారు 700 మీటర్ల తేడా. కిలోమీటరు ఎత్తుకు ఆరు, ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కాబట్టి రెండింటి మధ్య నాలుగు డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. ఒక్క కోరాపుట్ జిల్లాలోనే గెడ్డ (కొండవాగు) ఒడ్డున పల్లం ఉంది, 1,672 మీటర్ల దేవమాలి శిఖరమూ ఉంది. నైరుతి వైపు వాలులో ముసురు పట్టి ఉన్న రోజునే అవతలి వాలులో దుమ్ము లేస్తుంటుంది. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ దేశాన్ని 6 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. అంతకుముందు గడి 12 కిలోమీటర్లు. ఇది నిజంగా పెద్ద మెరుగు. అయినా మా గెడ్డ లోయలు చాలావరకు రెండు మూడు కిలోమీటర్ల వెడల్పువే. ఆ గడి లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగేది ఆ వాలు మీద ఉన్న మనిషే. జిల్లా స్థాయిలో సలహాలను స్థానికంగా మలిచే 199 వ్యవసాయ వాతావరణ కేంద్రాలు 2024లో మూతపడ్డాక ఆ మనిషి అవసరం ఇంకా పెరిగింది.

కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. నాటు వరి విత్తనాలు కాపాడిన పాత్రపుట్ కమలా పూజారి గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇవన్నీ మనందరికీ గర్వకారణం. అయితే ఆ విత్తనాన్ని ఏ రోజున నేలలో వేయాలో తేల్చే తెలివిని మాకు తెలిసి ఇంతవరకూ ఎవరూ వరుసగా రాసిపెట్టలేదు. విత్తనాన్ని భద్రం చేసి అదునును వదిలేస్తే, ఆ విత్తనం సగం తెలివితోనే మిగులుతుంది.

ఈ కొండసేద్యంలో అన్నిటికన్నా ఖరీదైన నిర్ణయం తొలివానను గుర్తుపట్టడం. గరువులో వరి ఎద చల్లితే (నారు పోయకుండా నేరుగా విత్తితే) ఎకరాకు 30 నుంచి 40 కిలోల విత్తనం పడుతుంది. మే చివర, రోహిణి కార్తెలో పడ్డ వానను నమ్మి చల్లితే అయిదారు రోజుల్లో మొలక వస్తుంది. వేరు లోతుకు దిగకముందే పది పన్నెండు రోజులు వాన ఆగితే మొలక మాడిపోతుంది. ఎర్రగరువు పైపొర రెండు మూడు రోజుల ఎండకే పెళుసెక్కుతుంది. మళ్లీ విత్తనం కావాలంటే షావుకారు దగ్గరికి పోవాలి. అక్కడ దొరికేది ఊరి విత్తనం కాదు, ఆ గరువుకు నప్పుతుందన్న హామీ కూడా లేదు.

పెద్దలు ఈ రెండు వానల తేడా ఎలా పడతారో చూడండి. రోహిణి వాన మధ్యాహ్నం దాటాక వాయవ్యంలో నల్లగా లేస్తుంది. ముందు దుమ్ముగాలి, తర్వాత ఉరుములు, పిడుగులు, గంట సేపు జడివాన. ఆగగానే మళ్లీ ఉక్క. ఋతుపవనం తీరు వేరు. వానకు రెండు మూడు రోజుల ముందునుంచే పడమటి, నైరుతి గాలి పట్టుకుంటుంది, రాత్రి కూడా ఆగదు. ఉరుములు తగ్గుతాయి. మబ్బు కొండ నెత్తిన దిగి పొద్దెక్కినా కదలదు. వాన రాత్రిపూట, తెల్లవారుజామున కూడా పడుతుంది. ఈ నాలుగూ కలిసేదాకా తెలిసిన రైతు మూట విప్పడు.

ఇది మీ పద్ధతికి దూరమైనది కాదు. కేరళలో ఋతుపవనం వచ్చిందని ప్రకటించడానికి మీ వాతావరణ శాఖ ఒక్క వానను చూసి ఊరుకోదు. మే 10 తర్వాత, నిర్ణయించిన 14 కేంద్రాల్లో కనీసం 60 శాతం చోట్ల వరుసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడాలి. దానికి తోడు పడమటి గాలి తగినంత ఎత్తు వరకు, తగినంత వేగంతో ఉండాలి. మేఘాల మీదుగా పైకి పోయే వేడి నిర్ణయించిన మట్టానికి తగ్గాలి. వాన, గాలి, మబ్బు మూడూ ఒప్పుకోవాలి. కొంధ రైతు కొండ మీద నిలబడి చూసేదీ ఈ మూడే. మీకు పరికరాలున్నాయి, ఆయనకు ఆ వాలు ఉంది.

అదును కుదిరాక పదును చూడాలి. ఇది సలహాలో ఒక్కసారి కూడా రాని మాట కాబట్టి వివరంగా రాస్తున్నాం. గునపంతో జానెడు లోతు గుంట తీసి, అడుగున ఉన్న మట్టిని పిడికిట పట్టి నొక్కాలి. ఉండ కట్టకుండా రాలిపోతే తడి చాలదు. ఉండ కట్టి, నడుమెత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలుగా విడిపోతే పదును సరిగ్గా ఉంది. వేళ్ల సందుల్లో నీరు చెమర్చి, కింద పడ్డ ఉండ చదునుగా అతుక్కుపోతే ఆ రోజు నాగలి కట్టకూడదు. కడితే గడ్డలు లేచి మొలకను నొక్కేస్తాయి. బాగా ఎండిన ఎర్రగరువులో 25 మిల్లీమీటర్ల వాన జానెడుకు కాస్త తక్కువగా దిగుతుంది. కాబట్టి '25 మిల్లీమీటర్లు పడింది, చల్లండి' అనడానికి లేదు. మరో వాన కలవాలి, ఆ రెండింటి మధ్య నాలుగు రోజులకు మించి ఎండ ఉండకూడదు. చాలామంది చేసే తప్పు పైమట్టి చూసి సరిపెట్టుకోవడం. పైన రెండంగుళాలు తడి, దాని కింద పొడి పొర ఉంటే, వేరు ఆ పొడి దగ్గరే ఆగిపోతుంది. గుంట గోడను వేలితో పై నుంచి కింద దాకా గీరి చూస్తే ఆ పొర దొరుకుతుంది.

ఇక గుర్తుల సంగతి. అన్నిటినీ ఒకే గాటన కట్టి 'ఆదివాసీ విజ్ఞానం' అని పొగడటం, లేదా అన్నిటినీ కలిపి కొట్టిపారేయడం, రెండూ బద్ధకమే. ఏ గుర్తు దేనికి స్పందిస్తోందో, ఎన్ని గంటల, ఎన్ని రోజుల ముందు చెబుతోందో విడివిడిగా చూడాలి.

చీమలు గుడ్లు మోసుకుని మెరకకు పోవడం, తూనీగలు గుంపులుగా నేలబారున తిరగడం గాలిలో తేమ పెరిగినప్పుడు కనబడేవి. వీటి గడువు కొన్ని గంటలు, మహా అయితే ఒక రోజు. ఆరబెట్టిన చోళ్లు (రాగులు) ఎత్తుకోవడానికి, ఆకుమడికి ఎరువు వేయకుండా ఆపడానికి ఈ గడువు చాలు. విత్తడానికి చాలదు. ఉసిళ్ల సంగతి వేరు. అవి వాన రాబోతోందని లేచేవి కావు, వాన పడి పుట్ట చుట్టూ నేల లోపలికి తడిశాక లేచేవి. కాబట్టి ఉసిళ్లు పదునుకు గుర్తు. వాటిని పట్టి వేయించుకు తినే ఇళ్లలో ఆడవాళ్లకు ఏ పుట్ట ఏ రోజు లేచిందో తెలుసు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. వీధిదీపాలు పడ్డాక ఉసిళ్లు ఎక్కడెక్కడి నుంచో దీపం దగ్గరికి చేరుతున్నాయి. అందుకే దీపం కింద ఎన్ని పడ్డాయన్నది లెక్కలోకి తీసుకోకూడదు. పుట్ట దగ్గర చూసిందే రాయాలి.

మామిడి పూత చూసి వానాకాలం చెప్పడం బాగా వదులైన గుర్తు. పూతకు చల్లని రాత్రులు కావాలి. చలికాలం వేడెక్కితే పూత ఆలస్యమవుతుంది, రెండు మూడు విడతలుగా వస్తుంది. అంటే ఆ పూత గడిచిన చలి గురించి చెబుతోంది, రాబోయే వాన గురించి కాదు. గిజిగాడి గూడు కూడా అంతే. అది గూడు కట్టేసరికే వానగాలి పట్టి ఉంటుంది, గాలికి చాటున చెట్టుకు తూర్పు వైపు కడుతుంది. ఈ ఏటి గాలి గురించి అది చెప్పగలదు. ముందు నెలలో వాన ఎంతో దానికి తెలియదు. ఇలాంటివాటిని పెద్దల ముందే మర్యాదగా, కారణం చెప్పి పక్కన పెట్టవచ్చు. వాళ్లు మనకన్నా ముందే వాటిని అనుమానిస్తున్నారు.

గట్టి గుర్తుల్లో ఒకదాన్ని దగ్గరగా చూపిస్తాం. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టడం అందరూ చూసిందే. 'దగ్గర గుడి దూర వాన, దూర గుడి దగ్గర వాన' అని సామెత. పెద్ద గుడి, చిన్న గుడి రెండూ ఒకటి కావు. చిన్నది చంద్రుణ్ణి అంటిపెట్టుకున్న రంగుల వలయం, పలచని మబ్బులోని సన్నని నీటిబొట్ల వల్ల వస్తుంది. పెద్దది ఎనిమిది పది కిలోమీటర్లు, ఇంకా ఎత్తున ఉండే మంచుపలుకుల మబ్బు వల్ల వస్తుంది. దాని కొలత ఎప్పుడూ ఒకటే, చంద్రుడి నుంచి 22 డిగ్రీలు. చేయి చాచి, వేళ్లు బాగా విప్పి, బొటనవేలి కొసను చంద్రుడి మీద పెడితే చిటికెనవేలి కొస దగ్గరగా ఆ గుడి గీతకు తగులుతుంది. రెండు మూడు వేళ్ల వెడల్పులోనే వలయం అయిపోతే అది చిన్నది. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడి మన వైపు వస్తుంటే, దాని పైమబ్బు అసలు వానమబ్బు కన్నా ముందే పరచుకుంటుంది. ఆ మబ్బులోనే పెద్ద గుడి కడుతుంది. 'దూర గుడి దగ్గర వాన' అనడంలోని తర్కం ఇదే. ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. కురిసి సగం చచ్చిన ఉరుముమబ్బు పైభాగం కొట్టుకొచ్చినా పెద్ద గుడి కడుతుంది, వాన రాదు. కృష్ణపక్షం చివర చంద్రుడే ఉండడు కాబట్టి గుర్తూ ఉండదు. అందుకని గుడితో పాటు ఆ రాత్రి గాలి తూర్పుకో ఈశాన్యానికో తిరిగిందా అని కూడా చూడాలి. రెండూ కలిసిన రోజు మీ ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చండి. ఒక్క సీజనులోనే తేడా తెలుస్తుంది.

ఇలాంటి పని బయట జరగని వింత కాదు. పెరూ, బొలీవియా కొండల్లో ఆలుగడ్డ రైతులు జూన్ చివర తెల్లవారుజామున కృత్తికలను చూస్తారు. మనం పిల్లలకోడి అనే ఆ చుక్కల గుంపు మసకగా ఉంటే ఆ ఏడు వాన తక్కువని నాట్లు వెనక్కి జరుపుతారు. ఎల్ నినో ఏడాదుల్లో ఆకాశంలో ఎత్తున పలచని మబ్బు పెరగడం వల్లే చుక్కలు మసకబారుతున్నాయని శాస్త్రవేత్తలు 2000లో లెక్కలతో చూపించారు. పడమటి కెన్యాలో వాన చెప్పే న్గాన్యి కుటుంబాలతో ఆ దేశ వాతావరణ శాఖ కలిసి కూర్చుని ఋతువు అంచనాలు తయారుచేసింది. గుజరాత్‌లో జునాగఢ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వేదిక మీద సంప్రదాయ గుర్తులు చూసే రైతులు ఏటా తమ అంచనాలు చదువుతారు. అయితే అక్కడి గుర్తును ఇక్కడికి తెచ్చుకోకూడదు. పెరూలో జూన్ పొడి కాలం, ఆకాశం తేటగా ఉంటుంది. మనకు పిల్లలకోడి మళ్లీ తూర్పున కనబడే వేళకు మబ్బు పట్టేస్తుంది. మనం అరువు తెచ్చుకోవలసింది వాళ్ల పద్ధతిని.

కార్తెల విషయానికి వస్తే తెలుగు రైతులమైన మేమే ముందు ఒప్పుకోవలసింది ఉంది. కార్తె నక్షత్రాన్ని బట్టి నడుస్తుంది, ఋతువు సూర్యుడి వాలును బట్టి నడుస్తుంది. నక్షత్రాల ఏడాది ఋతువుల ఏడాది కన్నా సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఆ లెక్కన 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తె ఋతువు కన్నా వెనకబడుతూ వస్తోంది. 500 ఏళ్ల నాటి సామెత అయితే ఇప్పటికి వారం రోజులు తేడా పడింది. వాతావరణ మార్పు లేకపోయినా ఈ తేడా ఉండేదే. దాని మీద ఇప్పుడు రెండో తేడా వచ్చి పడింది. మీ శాఖ కూడా 2020లో ఋతుపవనపు తేదీలను సవరించింది. అంతకుముందు వాడినవి 1901 నుంచి 1940 దాకా ఉన్న లెక్కలు. వాయవ్య భారతం నుంచి ఋతుపవనం వెనుదిరిగే తేదీ సెప్టెంబర్ 1 నుంచి 17కు మారింది. మీ క్యాలెండరుకు సవరణ అవసరమైనట్టే దిశారి (ఊళ్లో కాలం లెక్క చూసే పూజారి) లెక్కకూ అవసరం. మీరు దాన్ని కాదనకుండా సవరించడానికి సాయం చేయాలి.

అందుకు ఒక మొదటి పని చెబుతాం. 'ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి' అంటారు. బ్లాకు బ్లాకుకూ వాన లెక్కలు దశాబ్దాలుగా మీ దగ్గర ఉన్నాయి. జూన్ 22 నుంచి జూలై 5 దాకా పడ్డ వాన ఒక వరుసలో, పునర్వసు నుంచి ఉత్తర దాకా, అంటే జూలై 6 నుంచి సెప్టెంబర్ 26 దాకా పడ్డది రెండో వరుసలో వేసి, 1990కి ముందు, తర్వాత విడదీసి చూడండి. సామెత నిలుస్తుందో లేదో ఒక్క వారంలో తేలుతుంది. నిలవకపోతే మేమే ఊళ్లలో చెబుతాం.

మారింది ఎక్కడో అందరికన్నా మీకే బాగా తెలుసు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక ప్రకారం 1951 నుంచి 2015 మధ్య దేశంలో వానాకాలపు వాన సుమారు 6 శాతం తగ్గింది. 1981–2011 మధ్య పొడి విరామాలు అంతకుముందు ముప్పై ఏళ్లతో పోలిస్తే 27 శాతం పెరిగాయి. 1950 నుంచి 2015 లోపు మధ్య భారతంలో విస్తారంగా కురిసే కుండపోతలు మూడు రెట్లయ్యాయి. అంటే వాన వస్తోంది, విరామం పెరిగి, వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తోంది. ఇందుకు తగ్గట్టు మా ప్రశ్న కూడా మారింది. 'వాన ఎప్పుడు' అన్నదాని కన్నా 'వాన ఎన్ని రోజులు ఆగుతుంది' అన్నది ముఖ్యమైంది. పాత గుర్తులు చాలావరకు వాన రాకను చెప్పేవి. విరామాన్ని చెప్పే గుర్తులు తక్కువ. ఇక్కడ మీ రెండు వారాల అంచనాలు మాకు నిజంగా కావాలి.

2023 ఆగస్టును తీసుకోండి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటికీ అంత పొడి ఆగస్టు లేదు. 'మఖ పుబ్బలు వరపైతే మహా ఎద్దడి' అన్న మాట ఆశ్లేష, మఖ కార్తెల్లో కళ్లకు కట్టింది. అలాంటప్పుడు సలహా 'తగిన జాగ్రత్తలు తీసుకోండి' దగ్గర ఆగకూడదు. ఆకుమడి ఎన్ని రోజులదో అడగాలి. వరి రకం ఎన్ని నెలలదైతే నారు అన్ని వారాలే ఉండాలన్నది మోటు లెక్క. నాలుగు నెలల రకానికి నాలుగు వారాలు. అది దాటి ఊడిస్తే దుబ్బు కట్టదు. గెడ్డ పల్లాల్లో వేసే అయిదు నెలల పైబడ్డ నాటు రకాలు ముదురు నారును కొంత ఓర్చుకుంటాయి, తక్కువ రోజుల రకాలు ఓర్చుకోవు. గరువు పూర్తిగా ఎండితే పుబ్బ లోపు వలిసెలు ఎకరాకు రెండు మూడు కిలోలు, తర్వాత ఉలవలు ఎనిమిది నుంచి పది కిలోలు చల్లుకునే దారి ఉంది. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్న మాటను వలస పోవడానికి చెప్పినట్టు కాక, ఉలవ గంప ఎత్తడానికి చెప్పినట్టు మార్చగలిగితే అదే పెద్ద సేవ. అందుకు ఆ విత్తనం ఆగస్టు మొదటివారానికి పంచాయతీలో ఉండాలి. సెప్టెంబర్‌లో టెండరు పిలిస్తే లాభం లేదు.

పోడులో చోళ్లు, సామ, కొర్ర, గంటి, కంది కలిపి చల్లడం కూడా వాతావరణపు లెక్కే. ఒక్కొక్కదానికి నీరు కావలసిన వారం వేరు, ఒక విరామం అన్నిటినీ ఒకేసారి దెబ్బతీయదు. చిరుధాన్యాల పథకంలో ఒక్క పంటనే వరుసల్లో వేయించినప్పుడు దిగుబడి పెరుగుతుంది, ఆ రక్షణ తగ్గుతుంది. రెండూ నిజమే కాబట్టి వాలు పొలాల్లో కలగలుపును వదలమని సలహా ఇవ్వకండి.

తుపానుల గురించి ఒక్క మాట. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది, చిత్త కార్తె మొదట్లో. తీరానికి గాలి హెచ్చరిక వెళ్లింది. గజపతి కొండల్లో మనుషుల్ని పొట్టన పెట్టుకున్నది గాలి కన్నా వాన, జారిన కొండచరియలు. కొండ ఊళ్లకు హెచ్చరిక రాసేటప్పుడు గాలి వేగం రెండో వరుసలో పెట్టి, మొదటి వరుసలో వాలు గురించి రాయండి. గెడ్డ నీరు ఉన్నట్టుండి ఎర్రబడటం, వాన పడుతున్నా గెడ్డ నీరు హఠాత్తుగా తగ్గడం, నిట్టనిలువు చెట్లు ఒరగడం, వాలులో కొత్త బీట కనబడటం, ఇవి కనబడితే సైరను కోసం చూడకుండా గెడ్డ దారి వదిలి పక్క మెరకకు పోవాలని చెప్పండి.

ఇప్పుడు అసలు పని. ప్రతి పంచాయతీలో ఒక గుర్తుల పుస్తకం తెరవాలి. ప్రతి పేజీలో తేదీ, చూసిన చోటు, గుర్తు, దాన్ని బట్టి ఎన్ని రోజుల్లో ఏం జరుగుతుందన్నది, చివరికి ఏం జరిగిందన్నది ఉండాలి. నాలుగో గడి నింపాక కలం కింద పెట్టాలి. వాన పడ్డాక గుర్తు గుర్తుచేసుకుని రాస్తే ఆ పుస్తకం దండగ. నాలుగు రకాలూ లెక్కపెట్టాలి: గుర్తు కనబడి వాన పడ్డవి, కనబడి పడనివి, కనబడకుండా పడ్డవి, కనబడక పడనివి. మనిషి మనసు మొదటిదాన్నే దాచుకుంటుంది, మిగతా మూడూ మరిచిపోతుంది. ఇంకో ఉచ్చు ఉంది. జూలైలో 31 రోజుల్లో 20 రోజులు వాన పడితే, రోజూ 'రేపు వాన' అన్నవాడు కూడా 20 సార్లు నిజం చెప్పినట్టే. కాబట్టి గుర్తు విలువ జూలైలో తేలదు. మేలో, జూన్ మొదట్లో, ఆగస్టు విరామాల్లో, అక్టోబర్‌లో తేలుతుంది. కనీసం మూడు వానాకాలాలు చూడకుండా ఏ గుర్తునూ నెత్తిన పెట్టుకోవద్దు, తీసేయవద్దు.

వాన కొలవకపోతే ఇదంతా గాలిలో కబుర్లే. ప్రతి పంచాయతీకి వానకొలత పెట్టే విండ్స్ పథకం 2023లోనే మొదలైంది. మా కొండ పంచాయతీలను ముందు వరుసలో పెట్టండి. అంతవరకు నిలువు గోడల స్టీలు గ్లాసు చాలు. పైకి విప్పారే గ్లాసు పనికిరాదు, అందులో కొలత తప్పుతుంది. నేలకు అడుగెత్తున, చెట్టుకో ఇంటికో ఎత్తుకు రెండింతల దూరంలో కదలకుండా కట్టాలి. రోజూ ఉదయం 8:30కి, మీ కేంద్రాల్లో చూసే వేళకే, స్కేలు నిలువుగా దించి మిల్లీమీటర్లు రాసి నీళ్లు పారబోయాలి. వాన పడని రోజు సున్నా రాయాలి, ఖాళీ వదలకూడదు. పుస్తకం చూసేవాళ్లకు ఖాళీ గడి అంటే వాన లేదా, మనిషి చూడలేదా తెలియదు.

పుస్తకం ఏ భాషలో? ఈ గుర్తుల పేర్లు సవరలో, కువిలో, దేశియాలో ఉన్నాయి. ఉసిళ్ల రకాలకు, గాలుల దిక్కులకు, మబ్బు రంగులకు ఆ భాషల్లో ఉన్న మాటలు తెలుగులోనూ లేవు, ఒడియాలోనూ లేవు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు, నిఘంటువులు తయారుచేశారు. మాట పోతే దానితో పాటు చూపు కూడా పోతుందని ఆ పని చూసిన ఊరి వాళ్లుగా మాకు తెలుసు. గుర్తును సవర మాటలోనే రాసి, పక్కన తెలుగులో, ఒడియాలో అర్థం రాయండి. సలహా తిరిగి వెళ్లేటప్పుడు కూడా గొంతుగా వెళ్లాలి. ఫోనులో మాటగా సలహా చెప్పే 'ఆమ కృషి' ఒడిశాలో నడిచింది, జయపురంలో ఆకాశవాణి ఉంది. సంతరోజు ఉదయం అయిదు నిమిషాలు ఈ భాషల్లో చదివితే ఫోను లేని ఇంటికీ చేరుతుంది.

ఇంకొక్కటి గట్టిగా అడుగుతున్నాం. ఈ గుర్తులు ఆ ఊళ్ల సొత్తు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య పుస్తకం ఉండాలి. గుర్తులను అందులో చేర్చండి, మూలప్రతి ఊళ్లోనే ఉంచండి, గ్రామసభ ఒప్పుకోనిది బయట అచ్చు వేయకండి. దిశారి, జాని, బుయ్య అనే ఊరి పూజారులు చెప్పేవాటిలో పూజకు సంబంధించినవి వాళ్లు దాచుకోదలిస్తే దాచుకోనివ్వండి. వానకు సంబంధించినవి చెప్పడానికి వాళ్లెప్పుడూ వెనకాడలేదు. పారిస్ ఒప్పందం ఏడో అధికరణం వాతావరణ మార్పుకు సర్దుకునే పనులు శాస్త్రంతో పాటు ఆదివాసుల జ్ఞానాన్ని కూడా ఆధారం చేసుకోవాలంటుంది. 2016 అక్టోబర్ 2న భారతదేశం దానికి ఆమోదం తెలిపింది. మేము అడుగుతున్నది ఆ మాటను గుణుపురం బ్లాకు దాకా తీసుకురమ్మనే.

తేదీలు కూడా రాస్తున్నాం. చైత్ర పండుగకు విత్తనాలు బయటికి తీసే వేళ ఊరి పెద్దలు, విత్తనం కాపాడే ఆడవాళ్లు, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు, మీలో ఒకరు ఒక చోట కూర్చోవాలి. మే 25న రోహిణి రాకముందే పుస్తకాలు, కొలత గ్లాసులు పంచాయతీలకు చేరాలి. ఆగస్టు మొదటివారంలో విరామపు పంటల విత్తనం లెక్క చూడాలి. నవంబర్‌లో, కోతలయ్యాక, అదే మనుషులు మళ్లీ కూర్చుని ఏ గుర్తు నిలిచిందో, మీ అంచనాల్లో ఏవి నిలిచాయో ఒకే పలక మీద రాయాలి. మొదటి ఏడాది పది పంచాయతీలు చాలు. గుణుపురం, పద్మాపురం, బిస్సంకటక్, మోహన వైపు నుంచి పేర్లు ఇవ్వడానికి, పుస్తకాలు నింపేవాళ్లకు వారం రోజులు పక్కనే ఉండి నేర్పడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల తెలుగు రైతులు, విత్తన సంరక్షకులు, వ్యవసాయ కార్యకర్తలు